నంబరు లేని నేరేడు

సోమవారం పొద్దున, బట్టలు కుట్టే మిషనమ్మ వీధి తలుపు తీసేసరికి నేరేడు చెట్టు మొదలుకి ఎర్ర రంగు పూసి ఉంది.

పూసినవాడెవడో శ్రద్ధగా కూడా పూయలేదు. బెత్తెడు వెడల్పున చుట్టూ ఒక పట్టీ లాగి, కుంచెలో మిగిలింది ప్రహరీ మీద దులిపి పోయాడు. పక్కన వరసగా ఉన్న నాలుగు వాక్కాయ పొదల దగ్గరికొచ్చేసరికి ముళ్ళు గుచ్చుకున్నట్టున్నాయి, రంగు మానేసి కొమ్మలకి ఎర్ర గుడ్డపీలికలు కట్టాడు. ఆ గుడ్డ చూశాక ఆమెకి మరీ ఒళ్ళు మండింది. అవి తన పీలికలే. నిన్న లంగా అంచులు కత్తిరించి చెత్తబుట్టలో పారేసినవి.

మొగుడు గేటు పక్కన బడిపిల్లల వ్యాను అద్దాలు తుడుస్తున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు.

"ఎవరండీ ఈ పని చేసింది?"

ఆయన నీళ్ళు నమిలాడు. "నిన్న సాయంత్రం కాలనీ కమిటీవాళ్ళు చెప్పిపోయారు. నువ్వు బట్టలివ్వడానికి వెళ్ళావు. ఏదో పథకమట, తీసేస్తారట."

"నిన్ననే తెలుసా మీకు? తెలిసే కంచం ముందు కూర్చుని కడుపునిండా తిన్నారా?"

"చెబితే నువ్వు తిననిచ్చేదానివా?"

నిజమే, తిననిచ్చేది కాదు. ఆ నేరేడు ఊరి బయట గుట్ట మీద ఏరుకొచ్చిన గింజ. ఆ గుట్ట ఇప్పుడు లేదు, కంకరైపోయి రోడ్ల కింద పడుంది. గింజ నాటి తొమ్మిదేళ్ళు. ఈ ఏడే మొట్టమొదటిసారి కాపుకొచ్చింది. గుత్తుల్లో సగం కాయలు పచ్చగా గట్టిగా ఉన్నాయి, సగం గులాబీ రంగు తిరిగాయి. ఇంకో వారం, మహా అయితే పదిరోజులు ఆగితే నల్లబడతాయి. తొమ్మిదేళ్ళు ఆగిన మనిషిని ఆ పదిరోజులూ ఆగనివ్వకుండా చేయడానికి ఒక కమిటీ కూర్చుని తీర్మానం చేసిందన్నమాట.

చీపురు అక్కడే పారేసి కమిటీ గదికి నడిచింది.

సెక్రటరీ మంచి మనిషని కాలనీలో పేరు. ఎవరినీ గట్టిగా మాట అనడు. కుర్చీ చూపించి, ఫ్యాను ఆమె వైపు తిప్పి, అప్పుడు చెప్పాడు.

"దేశీ పండ్లమొక్కల పథకమమ్మా. ప్రతి ఇంటి ముందూ నాలుగు మొక్కలు. నేరేడు, వాక్కాయ, ఉసిరి, రేగు. శుక్రవారం ఆఫీసరమ్మ చూడటానికి వస్తుంది. ఈలోపు ఇళ్ళ ముందు స్థలం ఖాళీ చేసి నాటెయ్యాలి."

"నేరేడు, వాక్కాయ నాటడానికి నా నేరేడూ నా వాక్కాయా తీసేస్తారా?"

"మీవి నంబరు లేనివి కదమ్మా."

సొరుగు తీసి రూపాయి బిళ్ళంత పచ్చ ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి బల్ల మీద పెట్టాడు. దాని మీద ఆరంకెల నంబరు, కట్టడానికి సన్నటి తీగ. "ఇది ఉంటేనే దేశీ మొక్క. లేకపోతే రికార్డులో పిచ్చిమొక్క కిందే రాయాలి."

"కాయలు కాస్తోందండీ బాబూ! వచ్చి కళ్ళారా చూడండి."

"కాయలు రికార్డులోకి రావు కదమ్మా."

వెటకారంగా అన్నా బాగుండేది. ఆయన నిజంగానే నచ్చచెబుతున్నాడు. పైగా లేచి గుమ్మం దాకా సాగనంపుతూ, "ఆ స్థలం మీ ప్రహరీ బయటది, కాలనీది. మీ ఆయన వ్యాను లోపల పెట్టుకుంటున్నాడు, మీరు ఇంట్లో మిషను నడుపుతున్నారు. ఏనాడైనా ఒక్కమాట అన్నామా?" అన్నాడు. అనాల్సింది అనేసి, అనలేదన్నాడు.

ఆ రోజంతా కుట్లు వంకర పోతూనే ఉన్నాయి. బళ్ళు తెరిచే రోజులు, నలభై జతల యూనిఫారాలు ఒప్పుకుని ఉంది. గౌను కుచ్చులు ఎనిమిది పెట్టాల్సిన చోట తొమ్మిది పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది.

మంగళవారం సాయంత్రం ఎదురింటి నర్సు డ్యూటీ దిగి వచ్చి గేటు తీస్తుంటే రోడ్డు దాటి వెళ్ళి పట్టుకుంది. నర్సు అద్దెకుంటోంది, ఒక్కతే. ఇల్లు చేరిన మొదటి ఏడాది మిషనమ్మే రెండు వాక్కాయ మొక్కలు ఇచ్చింది. ఇప్పుడవి నర్సు నడుము దాకా పెరిగి, గుత్తులు గుత్తులుగా తెలుపూ ఎరుపూ కాయలు వేలాడుతున్నాయి. వాటికీ ఎర్ర పీలికలు కట్టి ఉన్నాయి.

"చూశావా?"

"చూశానక్కా."

"చూసి?"

నర్సు సంచీ పట్టీ సర్దుకుంది. "మా ఓనరుకి ఫోన్ చేశారు. ఆయన తీసెయ్యమన్నాడు. నేనేం చెయ్యగలనక్కా, అద్దెదాన్ని."

"నోరుందా లేదా నీకు? రోజూ అంతమందికి సూదులు గుచ్చుతావు, ఒక్క మనిషి ముందు నిలబడి ఇది నాదని చెప్పలేవా? అందరూ నీలాగే తలకాయలూపబట్టే కదే వాళ్ళిలా నెత్తికెక్కింది!"

నర్సు కొమ్మకి కట్టిన పీలికని ముడి విప్పకుండానే కాస్త వదులు చేసి లోపలికి పోయింది. అది చూసి మిషనమ్మకి అసహ్యమేసింది. విప్పెయ్యనన్నా లేదు, ఛీ.

బుధవారం మొక్కలొచ్చాయి. ట్రాలీలోంచి మాలి వాటిని దించి ఇంటికి నాలుగు చొప్పున గోడవారన పెట్టుకుంటూ వస్తున్నాడు. నల్ల సంచుల్లో మూరెడేసి మొక్కలు, ప్రతిదాని మెడకీ పచ్చ బిళ్ళ. మిషనమ్మ కత్తెర పక్కన పెట్టి బయటికొచ్చి, వాక్కాయ అని రాసున్న మొక్క ముందు గొంతుక్కూర్చుంది. ఒక ఆకు తుంచింది. తుంచిన చోటికేసి చూసింది. ఇంకోటి తుంచింది.

"పాలేవి?"

మాలి పెద్దవాడు. మొక్కలు మోసి మోసి భుజం ఒకవైపుకి వాలిపోయింది. "ఏం పాలమ్మా?"

"వాక్కాయ ఆకు తుంచితే పాలు కారాలా వద్దా? నా పొద దగ్గరికి రా." చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేసి, తన పొదలో ఆకు తుంచి చూపించింది. తెల్లటి చుక్క ఉబికి వచ్చింది. "ఇదీ వాక్కాయ. నువ్వు తెచ్చింది ఏదో పూలమొక్క. ముళ్ళున్నాయని బిళ్ళ కట్టేశారు. నేరేడన్నది చూడు, ఆకు నలిపితే ఘాటు వాసన రావాలి. గడ్డి వాసనొస్తోంది."

మాలి ఆకు వాసన చూడలేదు. చూడకుండానే తెలుసతనికి, ఆ సంగతి ముఖంలో కనిపించింది. "బిళ్ళలు నర్సరీలో కట్టారమ్మా. నేను చదువుకున్నవాణ్ణి కాదు. దించమంటే దించుతా, తవ్వమంటే తవ్వుతా."

"తెలిసీ తవ్వుతావా?"

"తెలీదంటే పని ఉంటుందమ్మా."

ఈ ఊళ్ళో ఎవణ్ణి కదిపినా ఇదే మాట. తెలిసినవాళ్ళు తెలీదంటారు, తెలీనివాళ్ళు బిళ్ళలు కడతారు. ఆమె ఆ రెండు మొక్కల్నీ పట్టుకుని కమిటీ గదికి వెళ్ళి బల్ల మీద పెట్టి, ఆకులు తుంచి, నలిపి, సెక్రటరీ ముక్కు దగ్గర పెట్టింది. ఆయన ఓపిగ్గా వాసన చూసి, బిళ్ళ మీద నంబరు రిజిస్టరులో వెతికి, "నేరేడేనమ్మా, ఇదిగో, రాసుంది," అన్నాడు.

గురువారం పొద్దున బడి దగ్గర యూనిఫారాలు ఇచ్చి రావాల్సి వచ్చింది. గంటలో తిరిగొచ్చింది. ఆ గంట కోసమే కాచుకుని ఉన్నట్టు, వాక్కాయ పొదలు లేవు.

నాలుగు గుంటలు. మట్టి ఇంకా తడిగా ఉంది. పొదల్ని వేళ్ళతో సహా లాగి రోడ్డు మీద కుప్ప వేశారు, పండబోయే కాయలు చక్రాల కింద పడి చితికి ఉన్నాయి. మాలి గోడ నీడన కూర్చుని అరచేతిలో విరిగిన ముల్లు పిన్నీసుతో తీసుకుంటున్నాడు. ఆమె ముఖం చూసి లేచి నిలబడ్డాడు.

"రంపం తేవడానికి మనిషి పోయాడమ్మా, చెట్టుకి," అన్నాడు నెమ్మదిగా. తప్పుకోమని చెప్పాడో, తొందరపడమని చెప్పాడో.

ఆమె అరవలేదు. లోపలికి వెళ్ళి మిషను మీద ఉన్న గుడ్డ తీసి మంచం మీద విసిరింది. ఇనప స్టాండు కాలు మిషను అది, ఇద్దరు మనుషులు పట్టాలి. ఒక్కతే గుమ్మం దాకా ఈడ్చింది, గడప మీదికి ఒక కాలు, తర్వాత ఇంకో కాలు ఎక్కించింది. మెట్లు దింపేటప్పుడు మోకాలికి చక్రం కొట్టుకుని తోలు లేచింది. లేస్తే లేచింది. నేరేడు ముందు నిలబెట్టి, కింద ఇటుక ముక్క ఎగదోసి, మొదలుకీ మిషనుకీ మధ్య స్టూలు వేసుకుని కూర్చుంది. బాబిన్‌లో దారం ఎక్కించి తొక్కడం మొదలుపెట్టింది.

రంపం వచ్చింది. రంపంతో పాటు కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. "లేవమ్మా," అన్నాడు.

"ఈ కాలరు అయిపోనీ."

కాలరు అయిపోయింది. చెయ్యి మొదలుపెట్టింది. చెయ్యి అయ్యాక గుండీ కాజాలు. మధ్యాహ్నమైంది. ఆమె వీపు చెట్టుకి ఆనే ఉంది, రంపం పెట్టాలంటే ఆమె వీపు మీదే పెట్టాలి. కొలతలివ్వడానికొచ్చిన ఇద్దరాడవాళ్ళు అక్కడే నిలబడి కొలతలిచ్చిపోయారు. మొగుడు బడి ట్రిప్పు ముగించుకొచ్చి, చూసి, వ్యానులోంచి దిగకుండా స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

"నలుగురూ నవ్వుతున్నారే."

"నవ్వనివ్వండి. పళ్ళు బాగున్నవాళ్ళు నవ్వుతారు."

"ఒక్క చెట్టు కోసం ఇంత గొడవెందుకే?"

"ఒక్క మొగుడి కోసం ఇరవయ్యేళ్ళ నించి పడుతున్నాను, ఇదో లెక్కా?"

సాయంత్రం దాకా చూసి కాంట్రాక్టరు మనిషి రంపం తీసుకుని వెళ్ళిపోయాడు. నలభై జతల్లో నాలుగు ఆ చెట్టు కిందే పూర్తయ్యాయి.

శుక్రవారం తెల్లారి ఆమె స్టూలు మీద కూర్చునేలోపే సెక్రటరీ స్వయంగా వచ్చాడు. చేతిలో ఒక పచ్చ బిళ్ళ ఉంది. చెట్టుకేసి, కాయలకేసి మెచ్చుకోలుగా చూసి, ఒక కొమ్మకి బిళ్ళ కట్టాడు. తీగని రెండు మెలికలు తిప్పి మరీ కట్టాడు.

"ఇక దీన్నెవరూ ముట్టుకోరమ్మా. పెద్ద మొక్కే తెచ్చి నాటామని రాశాం. ఆఫీసరమ్మ అడిగితే మీరేం చెప్పనక్కర్లేదు, ఊరుకుంటే చాలు."

"నా చెట్టుని మీరు నాటారా?"

"చెట్టు మీకు కావాలా, మాట కావాలా?" అన్నాడు. అంత మెత్తగా అన్నాడు.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టడానికి నోరు తెరిచింది కూడా. పైన గుత్తుల్లో నాలుగైదు కాయలు రాత్రికి రాత్రే ఊదారంగు తిరిగాయి. నోరు మూసుకుంది. అవునననూ లేదు, కాదననూ లేదు. సెక్రటరీ అవుననే అనుకుని వెళ్ళిపోయాడు.

పదకొండింటికి ఆఫీసరమ్మ వచ్చింది. సన్నగా, ఎండకి వాడిపోయిన ముఖంతో, అట్టకి కాగితాలు బిగించుకుని ఉంది. ఎడమవైపు ఇళ్ళన్నిటి ముందూ నాటడం అయిపోయింది. నర్సు ఇల్లున్న కుడివైపు రేపు శనివారం తవ్వుతారని సెక్రటరీ చెబుతున్నాడు. నేరేడు ముందు ఆఫీసరమ్మ ఆగింది.

"ఇది ఎన్నాళ్ళ చెట్టు?"

"పెద్దదే తెచ్చి నాటించామండి. రెండు నెలలైంది. మా కమిటీ పెంపకం," అన్నాడు సెక్రటరీ.

"కాదండి."

ఎదురింటి గేటు దగ్గర్నుంచి వచ్చింది ఆ మాట. నర్సు. డ్యూటీకి బయల్దేరినట్టుంది, సంచీ భుజాన ఉంది. రోడ్డు దాటి వచ్చి నిలబడింది. "అది అక్కది. గింజ వేసి తొమ్మిదేళ్ళు పెంచింది. ఇక్కడ నాలుగు వాక్కాయ పొదలుండేవి, నిన్ననే పీకేశారు. మా ఇంటి ముందున్నవీ ఆవిడిచ్చిన మొక్కలే. ఇప్పుడు నాటినవి వాక్కాయలే కాదండీ, ఆకు తుంచి చూడండి."

సెక్రటరీ నవ్వు చెదరలేదు. "ఆవిడ అద్దెకుంటారండి," అన్నాడు, అదేదో జబ్బు పేరులాగా.

ఆఫీసరమ్మ మిషనమ్మ వైపు తిరిగింది. "ఏమ్మా, నిజమేనా?"

మిషను ఆగింది.

"చూడమ్మా, ఉన్నదున్నట్టు చెబుతున్నాను," అంది ఆఫీసరమ్మ. "ఇది మీదేనని చెప్పి సంతకం పెడితే కమిటీ లెక్క తప్పని రాస్తాను. రేపు తవ్వే పని ఆపిస్తాను. అయితే, అప్పుడు ఇది పథకం స్థలంలో ఉన్న నంబరు లేని చెట్టవుతుంది. ఉంచాలో తియ్యాలో పైవాళ్ళు తేలుస్తారు. ఉంచుతారని నేను మాటివ్వలేను. కమిటీదే అంటే, నంబరుంది కాబట్టి దీనికేం ఢోకా లేదు."

ఇంతకన్నా తేటగా ఎవరూ చెప్పలేరు. సెక్రటరీ నేల చూస్తున్నాడు. మొగుడు వ్యాను పక్కన చేతులు జోడించినంత పని చేస్తున్నాడు. నర్సు మాత్రం ధీమాగా ఆమెనే చూస్తోంది. అక్క నోరు తెరిస్తే ఏమవుతుందో కాలనీ అంతటికీ తెలుసు కదా.

మిషనమ్మ సూది కింద ఉన్న గుడ్డని సరిచేసింది. చేయాల్సిన అవసరమేమీ లేదు.

"కమిటీవాళ్ళు నాటిందేనండి," అంది.

ఆఫీసరమ్మ కలం మూత పెట్టి, నర్సుని అడిగింది, కోపంగా కాదు, విసుగ్గా. "మరి మీరెందుకమ్మా అలా చెప్పారు?"

నర్సు మిషనమ్మ వైపు ఇంకొకసారి చూసింది. తర్వాత చూపు తిప్పుకుంది. "పొరపాటు పడ్డానండి," అంది.

వాళ్ళంతా పక్క ఇంటికి కదిలారు. నర్సు సంచీ పట్టీ సర్దుకుని బస్టాపు వైపు నడిచింది. మిషనమ్మ పెడలు మీద కాలు పెట్టింది గానీ తొక్కడం మర్చిపోయింది.

"బతికించావే," అన్నాడు మొగుడు దగ్గరికొచ్చి. ముఖం వెలిగిపోతోంది. "మొదటిసారి తెలివైన మాట మాట్లాడావు."

ఆమె చేతిలో ఉన్న చొక్కా అతని ముఖాన కొట్టింది. "తెలివా? ఇది తెలివా? మీరు ఇరవయ్యేళ్ళుగా చేస్తున్న పని నేను ఒక్క పూటలో చేశాను. అంతే! పొండి అవతలికి, నాకు కనబడకండి!"

మిషనుని లోపలికి మొగుడే మోశాడు.

శనివారం కుడివైపు తవ్వారు. మొట్టమొదట నర్సు ఇంటి ముందే తవ్వారు, వరస ప్రకారం అది మూడో ఇల్లయినా. మిషనమ్మ కిటికీ దగ్గర కూర్చుని మిషను తొక్కుతూనే ఉంది. గునపం చప్పుడు వినిపించినప్పుడల్లా ఇంకా జోరుగా తొక్కింది. గుడ్డ కిందే సూది విరిగింది. కొత్త సూది ఎక్కిస్తే రంధ్రంలోకి దారం దూరలేదు. కళ్ళజోడు తెచ్చుకున్నా దూరలేదు. ఎవరినో ఒకర్ని తిట్టాలి. సెక్రటరీని తిట్టుకుంది, మాలిని తిట్టుకుంది, ఆఫీసరమ్మని తిట్టుకుంది. ఎవరి పేరు మీదా ఆ తిట్టు నిలవలేదు. అందరూ అనుకున్నట్టే నడిచారు. ఎవరూ అనుకోనట్టు నడిచింది తనొక్కతే.

నర్సు గుమ్మంలో నిలబడి, మాలి పని అయ్యేదాకా చూసి, అతనికి గ్లాసుడు నీళ్ళిచ్చింది.

మంగళవారం పొద్దునకి కాయలు నల్లబడ్డాయి. ముట్టుకుంటే తొడిమ ఊడి చేతిలోకి వచ్చేస్తున్నాయి. కిందపడ్డ చోటల్లా నేల ఊదా మరకలు. మొగుడు నిచ్చెన వేసి కోస్తూ నోట్లో వేసుకున్నాడు. "అబ్బ! ఏం తీపే! తిని చూడు," అన్నాడు. ఆమె తినలేదు. స్టీలు గిన్నె కడిగి, తుడిచి, చితకని పండ్లు ఒక్కొక్కటే ఏరి నింపింది. నింపాక పైన ఉన్నవి మళ్ళీ తీసి, అంతకంటే పెద్దవి పెట్టింది.

ఏం చెప్పాలో రోడ్డు దాటుతూ అనుకుంది. చెట్టు పోతుందని భయపడ్డానే అనాలా? తొమ్మిదేళ్ళే తల్లీ అనాలా? తప్పయిపోయిందనాలా? ఆ మాట ఆమె నోట ఎన్నడూ వచ్చింది కాదు, ఎలా మొదలుపెడతారో కూడా తెలీదు.

నర్సు ఇంటికి తాళం వేస్తోంది. గోడవారన రెండు పొదలున్న చోట నాలుగు మూరెడు మొక్కలు, మెడల్లో పచ్చ బిళ్ళలతో నిలబడి ఉన్నాయి. వాటికి నీళ్ళు పోసి ఉంది.

"ఇదిగో," అంది మిషనమ్మ. గిన్నె చాచింది. అనుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "మొదటి కాపు. ఇంకెవరికీ ఇవ్వలేదు."

నర్సు గిన్నెలోకి చూసింది. ముఖంలో కోపం లేదు. ఉంటే మిషనమ్మకి తేలికయ్యేది, పోట్లాట ఆమెకి తెలిసిన విద్య.

"వద్దక్కా. కమిటీవాళ్ళవి కదా. నేను తిన్నానని తెలిస్తే మళ్ళీ మా ఓనరుకి ఫోన్ చేస్తారు."

"నావే ఇవి! నీకు తెలీదా?" అంది మిషనమ్మ, గొంతు పెద్దది చేసి.

నర్సు అవునని గానీ కాదని గానీ అనలేదు. తాళంచెవి సంచిలో వేసుకుని, గడియారం చూసుకుంది. "బస్సుకి టైమైందక్కా. గేటు వేసి వెళ్తారా?"

నర్సు మలుపు తిరిగేదాకా మిషనమ్మ అక్కడే నిలబడింది. తర్వాత గిన్నె చంకలో ఇరికించుకుని, రెండు చేతులతో గేటు లాగి గడియ పెట్టింది.